అటారీ 2600 ఆటలో తెర జారిపోకుండా లెక్కలను ఎలా సర్దాలి?

1977లో వచ్చిన అటారీ 2600 కన్సోల్ కోసం అసెంబ్లీ భాషలో సొంతంగా ఒక చిన్న ఆట రాస్తున్నాను. 128 బైట్ల ర్యామ్‌తోనే నెట్టుకురావాలని తెలిసే దిగాను కనుక దాని మీద ఫిర్యాదు లేదు. చిక్కంతా సమయంతోనే వచ్చింది. ఈ యంత్రంలో తెర మీది చిత్రాన్ని దాచుకునే మెమరీ లేనందువల్ల, టీవీ గీసే ఒక్కొక్క గీతకు ప్రాసెసర్‌కు దక్కే 76 సైకిళ్లలోనే (అంటే గడియార స్పందనల్లోనే) కావలసిన విలువలను తెర మీద బొమ్మ గీసే టీఐఏ చిప్‌కు అందించాలి. ఆ 192 గీతల వరకు నా కోడ్ సవ్యంగానే నడుస్తోంది.

శత్రువుల కదలికలను మాత్రం చిత్రం ముగిశాక వచ్చే 30 గీతల ఓవర్‌స్కాన్‌లో లెక్కిస్తున్నాను. 64 సైకిళ్లకు ఒకటి చొప్పున తగ్గే టైమర్‌లో 35 వేసి, అది సున్నాకు చేరేదాకా ఆగుతున్నాను. మామూలుగా ఇబ్బంది లేదు కానీ, ముగ్గురు శత్రువులు ఒకేసారి గోడను తాకినప్పుడు పని 2,280 సైకిళ్లు దాటిపోయి, ఫ్రేము (తెర మీద ఒకసారి పూర్తిగా గీసే చిత్రం) 262 గీతలను మించడంతో తెర ఒక్కసారిగా జారుతోంది.

ఒక్కో ఫ్రేములో ఒక్క శత్రువును మాత్రమే లెక్కిస్తే సెకనుకు సుమారు 60 ఫ్రేముల లెక్కన ఒక్కొక్కరికి సెకనుకు సుమారు 20 సార్లే వంతు వస్తుంది. కదలిక కుదుపుగా కనిపిస్తుందా? లేక కొంత పనిని చిత్రానికి ముందుండే 37 గీతల్లోకి మార్చడం మేలా? స్ప్రైట్లను (తెర మీద కదిలే బొమ్మలను) అడ్డంగా సరైన చోట నిలిపే పని ఇప్పటికే అక్కడ ఉంది, అందుకే తటపటాయిస్తున్నాను. ఈ రెండింటిలో ఏదైనా చేసి చూసినవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.