ఆన్‌లైన్ పత్రికలకు కథ పంపడం: మీ అనుభవాలు చెప్పండి

మిర్యాలగూడ పిల్లగాడు: అందరికీ నమస్తే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయిన మర్రిగూడ మేనత్త మీద కథ రాశాను, పదకొండు పేజీలు. ఏ పత్రికకు పంపాలి? ఒకేసారి ఇద్దరికి పంపొచ్చా? ఎన్ని రోజులు ఆగాలి? డబ్బులిస్తారా? ఇదే మొదటిసారి, చాలా టెన్షన్‌గా ఉంది.

నాగర్‌కర్నూల్ సార్: పద్నాలుగేళ్లుగా వెబ్ పత్రికలకు రాస్తున్నాను, నలభై కథలు పడ్డాయి. నేను చెప్పేది రాసి పెట్టుకో తమ్ముడూ. డీటీపీ షాపులో 'అను' అనే పాత తెలుగు ఫాంట్‌తో కొట్టించి పంపకు. నా మొదటి కథ అట్లాగే పంపాను. వాళ్లు ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. ఆ సంగతి నాకు తెలిసేసరికి మూడు నెలలు పోయాయి. యూనికోడ్ ఉండాలి, అంటే ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. లేఖిని అనే వెబ్‌సైట్‌లో కొట్టు, లేదా ఫోన్‌లో జీబోర్డు అనే కీబోర్డు పెట్టుకో. పీడీఎఫ్ వద్దు, చేతిరాత ఫొటోలు అసలే వద్దు.

దేవరకొండ అక్క: యూనికోడ్ సరే సార్, నా బాధ వేరు. ఒక పత్రిక నా కథ వేసింది. మా అవ్వ "ఏడికి బోతున్నవ్ బిడ్డా" అంటే, అచ్చులో "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అని వచ్చింది. ఒక్క మాట అడగలేదు. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. మా అవ్వ జన్మలో అట్లా మాట్లాడలేదు.

సూర్యాపేట చదువరి: ఒక చిన్న వెబ్ పత్రికకు రెండేళ్లు కథలు చదివి పెట్టాను కాబట్టి చెప్తున్నా. మాటల్లో యాస ఎవరూ ముట్టుకోరు. కథ చెప్పే గొంతు ఒక పేరాలో యాస, ఇంకో పేరాలో పుస్తక భాష అయితేనే సరిచేస్తారు. అన్ని పత్రికలనూ ఒకే గాటన కట్టకండి.

దేవరకొండ అక్క: ముట్టుకున్నారనే కదా చెప్తున్నాను! సరిచేయడం తప్పు కాదు, అడగకుండా మార్చడం తప్పు.

గద్వాల మాట: ఇంకో సంగతి. మా దిక్కు "యాడికి" అంటాం. ఓ ఎడిటర్ "తెలంగాణ యాసలో ఏడికి అనాలి" అని మార్చారు. నల్లగొండ మాటే తెలంగాణ మాటా? కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం లెక్కలో లేమా?

నాగర్‌కర్నూల్ సార్: ఈ చిన్నచూపు కొత్తది కాదు. తెలంగాణలో కవులే లేరంటే మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు.

గద్వాల మాట: సార్, అందులో ఎక్కువ పద్యాలే. యాసకు దాన్ని సాక్ష్యం తేవద్దు. పెద్ద పేరు చెప్పి నా నోరు మూయించొద్దు.

నాగర్‌కర్నూల్ సార్: నోరు మూయించడానికి చెప్పలేదు. మన రాత మనమే అచ్చువేసుకున్నాం అని చెప్పాను. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. ఆ పట్టుదల కావాలి.

వనపర్తి రాణి: మీ తగాదాలో ఆ తమ్ముణ్ణి మరిచారు. నా కథ మొదటి సగం ఫేస్‌బుక్‌లో పెట్టి, మొత్తం కథ పత్రికకు పంపాను. "ఇప్పటికే ప్రచురితం" అని వెనక్కి వచ్చింది. ఏడాది కష్టం. తమ్ముడూ, ఎక్కడా పెట్టకు. కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లో కూడా వద్దు.

అచ్చంపేట కవి: ఫేస్‌బుక్ పోస్టు ప్రచురణ ఎట్లా అవుతుంది? నలుగురు దోస్తులు చదివితే అయిపోయినట్టా? ఈ రూలు అన్యాయం.

సూర్యాపేట చదువరి: పాఠకుడికి కొత్త కథ ఇవ్వాలన్నది వాళ్ల పట్టుదల. చాలా పత్రికల్లో జీతం లేకుండా, రాత్రుళ్లు కూర్చుని చదువుతారు. అంత శ్రమ ముందే బయటపడ్డ కథకు ఎందుకు పెట్టాలి?

మిర్యాలగూడ పిల్లగాడు: ఒకేసారి ఇద్దరికి పంపే సంగతి ఎవరూ చెప్పలేదు.

సూర్యాపేట చదువరి: పంపకు. ఇద్దరూ వేస్తామంటే ఒకరి దగ్గర మాట పోతుంది. ముందు పాత సంచికలు చదువు. ఈమాట వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, అక్కడ మార్పులు అడుగుతారు, ఓపిక కావాలి. సారంగ, సంచిక కూడా చూడు. ఆడవాళ్లు రాసింది నెచ్చెలిలో, విహంగలో బాగా కనిపిస్తుంది. రెండు నెలలు చూసి, మర్యాదగా ఒక మెయిల్ పెట్టు.

వనపర్తి రాణి: డబ్బుల సంగతి నేను చెప్తా. ఆరు కథలు పడ్డాయి, రూపాయి రాలేదు. కానీ కథ కింద అమెరికా నుంచి ఒకామె "మా అమ్మ గుర్తొచ్చింది" అని రాసింది. ఆ కామెంటు ఇప్పటికీ తీసి చదువుకుంటాను.

దేవరకొండ అక్క: తమ్ముడూ, మేనత్త మాటలు మార్చవద్దని మెయిల్‌లోనే రాయి. నేను రాయకపోవడమే నా తప్పు.

మిర్యాలగూడ పిల్లగాడు: రాస్తానక్కా. అత్తమ్మ "నా నడుమిరిగినా నా నోరిరగలే" అంటుంది. అది మారితే కథే లేదు.

కొల్లాపూర్ డీటీపీ: సార్, పాత అను ఫైళ్లు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి. ఎవరైనా సరిచేసుకున్నారా? ముప్పై కథలున్నాయి.

నాగర్‌కర్నూల్ సార్: మార్చాక ఒక్కో లైను కళ్లతో చూసుకోవాల్సిందే. పది కథలు నాకు పంపు, నేను చూస్తాను.