యూనివర్సిటీ బయట పనిచేసే స్టాటిస్టీషియన్లకు జీతాల సర్వేలు ఎంతవరకు పనికొస్తాయి?

కొత్త_బయోస్టాట్:
అందరికీ నమస్కారం. బయోస్టాటిస్టిక్స్‌లో (వైద్య పరిశోధనల గణాంకాలు) మాస్టర్స్ అయిపోవచ్చింది. అమెరికాలోనే ఒక ఫార్మా కంపెనీ ఆఫర్ ఇచ్చింది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగ గణాంకాల సంస్థ బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ లెక్కలో 2023 మే నాటికి స్టాటిస్టీషియన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 1,04,110 డాలర్లు. నా బేస్ (బోనస్ కలపని జీతం) అంతకన్నా తక్కువ. ఇంకా అడగొచ్చా? మీరు ఏ సర్వే చూపించి అడిగారు, ఏమన్నారు? కాస్త చెప్పండి, రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

ఫేజ్_త్రీ:
ఆ మధ్యస్థంతో పోల్చుకోకండి. అందులో నిన్న చేరినవాళ్లూ ఉన్నారు, పీహెచ్‌డీ చేసి టీమ్‌ని నడిపేవాళ్లూ ఉన్నారు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ వ్యాపార, పరిశ్రమ, ప్రభుత్వ రంగాలవాళ్లకి విడిగా సర్వే చేసి తన పత్రిక ఆమ్‌స్టాట్ న్యూస్‌లో వేస్తుంది. అందులో మీ డిగ్రీ, మీ అనుభవం ఉన్న వరసే చూడండి.

నా సంగతి చెప్తాను. కంపెనీ మారేటప్పుడు ఆ పట్టిక పట్టుకెళ్తే హెచ్‌ఆర్ ఆవిడ, "మేం కొనుక్కునే సర్వే వేరే ఉందండీ" అన్నారు. ఆ సర్వేలో నా ఉద్యోగాన్ని ఏ లెవెల్‌కి కలిపారని అడిగాను. చూస్తే, ఒకరి కింద ప్రోగ్రాములు రాసే లెవెల్‌కి కలిపారు. మందుల ట్రయల్‌కి ఎంతమంది కావాలనే శాంపిల్ సైజు లెక్క నాదే, విశ్లేషణ ప్రణాళిక రాసి సంతకం పెట్టేదీ నేనే అని వివరంగా మెయిల్ పెట్టాను. వారంలో లెవెల్ మార్చారు, దాంతో బేస్ కూడా పెరిగింది. అంకె మీద ఎంత వాదించినా రాని పెంపు అది.

గ్రేడ్_స్టెప్:
నాది ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. మా జీతం పట్టిక అందరికీ కనిపించేదే: 15 గ్రేడ్లు, గ్రేడుకి 10 స్టెప్పులు, పైన ఊరిని బట్టి లొకాలిటీ పే. మొదట్లో స్టెప్ ఏడాదికొకటి వస్తుంది, 4 దాటాక రెండేళ్లకి, 7 దాటాక మూడేళ్లకి. ప్రత్యేక అర్హతలు ఉన్నాయని రాసిస్తే స్టెప్ 1 కన్నా పైన చేర్చుకునే వీలుంది, కానీ ఆ ఆమోదం చేరకముందే రావాలి. ఈ దారిలో వచ్చేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

నాన్_రెస్పాన్స్:
మనం స్టాటిస్టీషియన్లం, ముందు డేటా ఎక్కడిదో చూడాలి కదా. అసోసియేషన్ సర్వేకి సభ్యులు ఇష్టమైతేనే జవాబిస్తారు. బ్యూరో అడిగేది ఉద్యోగుల్ని కాదు, కంపెనీలని. మూడేళ్లలో సుమారు 11 లక్షల సంస్థల నుంచి తీసుకుంటుంది కాబట్టి నమూనా గట్టిదే. కానీ అందులో షేర్లు, ఏడాది చివరి బోనస్ ఉండవు. సొంతంగా కన్సల్టింగ్ చేసేవాళ్లు అసలే ఉండరు. పైగా బ్యూరో ఉద్యోగాలని విడగొట్టే కోడ్‌లలో బయోస్టాటిస్టీషియన్లు స్టాటిస్టీషియన్ల కోడ్‌లోనే ఉంటే, డేటా సైంటిస్టులకి వేరే కోడ్. టెక్ కంపెనీల్లో మన పనే చేస్తున్న చాలామంది ఆ రెండో లెక్కలోకి పోతారు.

ఇంకోటి. హెచ్1బీ కోసం కంపెనీలు వేసే దరఖాస్తుల్లో జీతాలు బయటికి కనిపిస్తాయి, మనవాళ్లంతా ముందు అక్కడే వెతుకుతారు. కంపెనీ పేరుతో సహా దొరకడం మేలే. కానీ అందులో ప్రివెయిలింగ్ వేజ్ (ఆ ప్రాంతంలో ఆ పనికి మామూలుగా ఇచ్చే జీతం) అని ఉండేది చాలావరకు బ్యూరో డేటా నుంచే వస్తుంది. అదీ బ్యూరో అంకె రెండూ దగ్గరగా ఉన్నాయని రెండు సాక్ష్యాలు దొరికాయనుకోవద్దు. కంపెనీ ఇస్తానన్న జీతం కాలమ్ చూడండి.

సర్వైవల్_కర్వ్:
నేను సర్వేల కన్నా తోటివాళ్లనే నమ్మాను. జీతం ఎవరికీ చెప్పొద్దని మా మేనేజర్ అనేవారు. ప్రైవేటు కంపెనీల్లో మేనేజర్ స్థాయి కానివాళ్లు జీతాల గురించి మాట్లాడుకునే హక్కు 1935 నాటి కార్మిక సంబంధాల చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది. నాతోపాటే చేరినతన్ని అడిగితే తేడా బయటపడింది. అడిగాక సరిచేశారు. అడగకపోతే అలాగే ఉండేది, అదే బాధ. చెల్లీ, కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ ఇవ్వాలి. మీ కంపెనీ ఇదే పోస్టుకి అక్కడ ఏమైనా ప్రకటన వేసిందేమో చూడు.

కొత్త_బయోస్టాట్:
చాలా థాంక్స్ అక్కా, అందరికీ కూడా. కొలరాడో ప్రకటన దొరికింది, నా ఆఫర్ ఆ రేంజ్‌లో అడుగునే ఉంది. లెవెల్ సంగతి కూడా అడిగాను. బేస్ కొంచెం పెంచారు, ఆరు నెలలకి లెవెల్ మళ్లీ చూస్తామని ఫోన్‌లో అన్నారు.

ఫేజ్_త్రీ:
ఆ ఆరు నెలల మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఫోన్‌లో మాట్లాడినావిడ అప్పటికి వేరే కంపెనీకి వెళ్లిపోవచ్చు.