సినిమా కెమెరాలో బయటి కంపెనీ కార్డు పెట్టొచ్చా? దేవరకొండ షూట్‌కు ముందు తేల్చండి

సాగర్_గేటు_27:
నల్లగొండ నుంచి రాస్తున్నా. మే మొదటి వారంలో దేవరకొండ ఖిల్లా మీద ఒక జానపద పాట, రెండు రోజుల షూట్. మెయిన్ కెమెరా హైదరాబాద్ నుంచి రెంటుకు వచ్చే రెడ్ కొమోడో. రెండోది నా సొంత బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కే. ప్రొడ్యూసర్ మా బావ, కాబట్టి బడ్జెట్ ఎంతని అడగకండి. కెమెరా రెంటుకు ఒప్పుకున్నాడు. కార్డుల రెంటు వేరే అనేసరికి 'కార్డుకు రెంటేందిరా, ఫోన్‌లో వేసుకునేదే కదా' అన్నాడు.

కొమోడోలో పడేది సీఎఫాస్ట్ 2.0 కార్డు. ఆన్‌లైన్‌లో పేరు పెద్దగా వినని కంపెనీవి సగం ధరకే కనబడుతున్నాయి. పాకెట్‌కు యూఎస్‌బీ-సీలో ఎస్‌ఎస్‌డీ తగిలించొచ్చు, దానికి ఒక డబ్బా, లోపల ఒక ఎన్‌వీఎంఈ (కంప్యూటర్‌లో పెట్టే సన్న ఎస్‌ఎస్‌డీ) కొని నేనే బిగించుకుందామని ఉంది. నా లెక్కలో కార్డు కార్డే. కంపెనీ ముద్రకు డబ్బు పెట్టడం కంటే ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు డాన్సర్లను పెట్టుకోవచ్చు. కాదన్నవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పిల్లలమర్రి_నీడ:
వంద శాతం నీతోనే ఉన్నా అన్నా. కంపెనీలు ఎట్లా దోచుకున్నాయో కొత్త పిల్లలకు తెల్వదు, చెప్తా. 2019లో జిన్ని టెక్ అనే చిన్న కంపెనీ నడిపే బ్రూస్ రాయిస్, రెడ్ వాళ్ల మినీ-మ్యాగ్, అంటే వాళ్ల కెమెరాలో పడే రికార్డింగ్ డ్రైవు, విప్పి వీడియో పెట్టాడు. డాలర్లలో నాలుగంకెల ధర పెట్టి కొన్న ఆ మ్యాగ్ లోపల ఉన్నది బయట మార్కెట్లో దొరికే రకం ఎంసాటా ఎస్‌ఎస్‌డీ! పైన మెటల్ డొక్కు, ఎర్ర అక్షరాలు, అంతే. ప్రపంచమంతా గొడవైంది. తర్వాత చూడు, 2020లో కొమోడో సీఎఫాస్ట్‌తో వచ్చింది, 2021లో వీ-రాప్టర్ సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్-బీతో వచ్చింది. అంటే మామూలు కార్డు పనికొస్తుందని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా? మనం ఇంకా ముద్రకు దండం పెట్టాలా?

(సాగర్‌కు 26 గేట్లే కదా అన్నా, 27వది యాడికెళ్లి వచ్చింది?)

సాగర్_గేటు_27:
27వది మా బావ. డబ్బు విషయంలో అసలు తెరుచుకోదు.

డేటా_డ్యూటీ:
మాది మిర్యాలగూడ. తొమ్మిదేళ్లుగా యూనిట్లలో డేటా చూస్తున్నా. మినీ-మ్యాగ్ కథ నిజమే, ధర అన్యాయమే. కానీ ఆ కథ నుంచి పిల్లలమర్రి తమ్ముడు తీసిన నీతి తప్పు. ఎస్‌ఎస్‌డీ అంటే చిప్పు ఒక్కటే కాదు. చిప్పును నడిపే కంట్రోలర్ ఉంటుంది, దానిలో ఫర్మ్‌వేర్ ఉంటుంది. ఒకే చిప్పుతో చేసిన రెండు డ్రైవుల్లో ఒకటి గంటసేపు ఒకే వేగంతో రాస్తుంది, ఇంకోటి పది నిమిషాలకు ఆయాసపడుతుంది.

అసలు ఇక్కడ మూడు విషయాలను ఒకే గంపలో వేస్తున్నారు. కెమెరా కంపెనీ ముద్ర ఉన్న కార్డు ఒకటి. బయటి కంపెనీదే అయినా, కెమెరా కంపెనీ పరీక్షించి తన సైట్లో జాబితాలో పెట్టిన కార్డు రెండోది. రెడ్‌కూ బ్లాక్‌మ్యాజిక్‌కూ అట్లాంటి జాబితాలున్నాయి. ఏ జాబితాలోనూ లేనిది మూడోది. మొదటిదీ రెండోదీ నాకు ఒకటే, ఏ మాత్రం తేడా చూడను. నా గొడవంతా మూడోదానితో. సాగర్ అన్న అడుగుతున్నది ఆ మూడోదాని గురించే, కానీ పిల్లలమర్రి తమ్ముడు రెండోదాన్ని చూపించి గెలుద్దామనుకుంటున్నాడు.

ఈ మాట మాట్లాడుకునే అవకాశమే లేని కెమెరాలూ ఉన్నాయి. ఆరీ కంపెనీ అలెక్సా 35, అలెక్సా మినీ ఎల్ఎఫ్ కెమెరాలు కోడెక్స్ కాంపాక్ట్ డ్రైవ్ తప్ప ఇంకోటి తీసుకోవు. అక్కడ చర్చ లేదు, రెంటు కట్టి నోరు మూసుకోవడమే.

ఇక డబ్బాలో ఎన్‌వీఎంఈ సంగతి. పాకెట్ 6కేలో పూర్తి 6కే, బీ-రా (బ్లాక్‌మ్యాజిక్ సొంత రికార్డింగ్ ఫార్మాట్) 5:1 కుదింపు, 30 ఫ్రేములు పెడితే సెకనుకు సుమారు 194 ఎంబీ రాస్తుంది. 3:1 పెడితే 323. ప్యాకెట్ మీద 'సెకనుకు 2000 ఎంబీ' అని చూసి, 'అబ్బో, పది రెట్లు ఉంది' అనుకుంటారు. ఆ 2000 మొదటి కాసేపే. చౌక డ్రైవుల్లో కొంత భాగం వేగంగా రాసుకునే జాగాలాగా వాడుకుంటాయి, ఇంటి ముందు వరండా అనుకోండి. బస్తాలు వరండాలో దించినంతసేపు పని చకచకా నడుస్తుంది. వరండా నిండాక ఒక్కో బస్తా లోపల గదిలోకి మోసి, ఆ ఖాళీలో కొత్తది దించాలి. అప్పుడు వేగం 100 కిందికి పడిపోయే డ్రైవులు నేను చూశాను. కంప్యూటర్‌లో అయితే కాపీ నెమ్మదిస్తుంది, అంతే, మనం టీ తాగి వస్తాం. కెమెరా ఆగదు కదా. ఫ్రేములు రాలిపోతాయి.

దీనికి తోడు మే నెల. మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. నల్లటి డబ్బా, ఖిల్లా మీద బండ, కింద నుంచి పైనుంచి సెగ. వేడెక్కితే డ్రైవు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోకుండా ఉండడానికి. అది దాని తప్పు కాదు.

లెన్స్_మామ:
మిర్యాలగూడ మనిషి కాబట్టి ఎస్‌ఎస్‌డీని కూడా బస్తాలతోనే చెప్పిండు 😄

జడ్చర్ల_జంక్షన్:
డేటా అన్న చెప్పిన సెగ నాకు జరిగింది. పోయిన ఎండాకాలం కోయిల్‌సాగర్ కట్ట మీద ఒక పాట. అద్దె కెమెరా, నా సొంత కార్డు. బ్రాండ్ పేరు రాయను, రాస్తే వాళ్ల అభిమానులు నా మీద పడతారు. పొద్దున ఏడు నుంచి పది దాకా బంగారంలాగా పనిచేసింది. 'చూసిండ్రా, రెంటు కార్డు లేకుంటే ఏమైంది' అని డైరెక్టర్‌తో గొప్పలు పోయిన. పదకొండున్నరకు మొదలైంది. టేక్ మొదలైన 40 సెకన్లకు కెమెరా ఆగుతుంది. మళ్లీ పెడితే 35 సెకన్లు. కార్డు తీసి చూస్తే చెయ్యి కాలింది, నిజంగా కాలింది, కొంగుతో పట్టుకుని తీసిన మా అసిస్టెంట్ అమ్మాయి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఐస్ డబ్బాలో పెట్టి చల్లార్చాలని ఒకడు, తడిగుడ్డ చుట్టాలని ఒకడు. డైరెక్టర్ ఏం అనలేదు, గొడుగు కింద కూచుని నన్నే చూసుకుంటూ ఉన్నాడు. అది ఇంకా ఘోరం. చివరకు హైదరాబాద్‌లో ఒక ఫ్రెండుకు ఫోన్ చేస్తే, ఎంజీబీఎస్‌లో మహబూబ్‌నగర్ బస్సు డ్రైవర్ చేతికి రెండు కార్డులు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చిండు. అవి చేతికొచ్చి, మళ్లీ కట్ట మీదికి చేరేసరికి నాలుగు. పొద్దు వాలుతున్న వెలుతురులో మిగిలిన చరణం లాగించినం. వచ్చిన కార్డులు కూడా బయటి కంపెనీవే, కాకపోతే జాబితాలో ఉన్నవి. రాత్రి దాకా ఒక్కసారి ఆగలేదు.

కాబట్టి ముద్ర అవసరం లేదన్నది నిజమే. జాబితా అవసరం లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.

పిల్లలమర్రి_నీడ:
ఒక్క కార్డు ఆగితే అన్ని కార్డులూ చెడ్డవేనా? కంపెనీ ముద్ర ఉన్న కార్డు చచ్చిపోవడం నేనే రెండుసార్లు చూసిన. గ్యారంటీలో కొత్త కార్డు ఇచ్చిండ్రు, అందులో పోయిన పెళ్లి ఇయ్యలే. జాబితా అంటున్నరు, ఆ జాబితాలో ఉన్న మోడల్‌నే కంపెనీవాళ్లు ఆరు నెలలకు లోపలి చిప్పు మార్చి, అదే డబ్బాలో, అదే పేరుతో అమ్మితే మీకెట్ల తెలుస్తది? జాబితా చూసి కొన్నోడు కూడా మోసపోతడు. అందుకే నేనంటున్న, జాబితా కాదు, చేతిలో ఉన్న కార్డునే పరీక్ష చేసుకోవాలె.

డేటా_డ్యూటీ:
చిప్పు మార్చే మాట ఒప్పుకుంటా, అది జరుగుతుంది, ముఖ్యంగా కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీల్లో. కానీ దాన్నిబట్టి జాబితా దండగ అనడం, హెల్మెట్ పెట్టుకున్నా కాళ్లు విరుగుతాయి కదా, హెల్మెట్ ఎందుకు అన్నట్టుంది. పరీక్ష చెయ్యమన్నావు చూడు, అది మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్టు. అది కొత్త కార్డు మీద కంప్యూటర్‌లో రెండు నిమిషాలు స్పీడ్ టెస్ట్ నడిపితే సరిపోదు. అదే కెమెరాలో, మీరు వాడబోయే క్వాలిటీలో, ఖాళీ నుంచి పూర్తిగా నిండేదాకా, ఎండలో.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. బయటి కంపెనీ కార్డు అనుకుని కొనేది ఒక్కోసారి నకిలీ కార్డు. పెద్ద కంపెనీ పేరు, అచ్చం అదే రంగు, 512 జీబీ అని రాసి ఉంటుంది, లోపల 64 ఉంటుంది. 64 దాటాక రాసినట్టే రాస్తుంది, ఫైలు పేరు కనబడుతుంది, లోపల ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కార్డు మొత్తం నింపి తిరిగి చదివి చూస్తుంది. కొన్న రోజే నడపండి, రాత్రంతా పట్టినా సరే.

రెంటల్_కౌంటర్:
కృష్ణానగర్ నుంచి, మాది మూలం భువనగిరి. మా వైపు మాట కూడా వినండి. కెమెరాలో మీ కార్డు పెట్టుకుంటానంటే మేం కాదనం. కాగితం మీద ఒక లైను రాయించుకుంటాం: మీ కార్డు వల్ల ఫుటేజ్ పోతే మాకు సంబంధం లేదు. ఎందుకంటే కార్డు ఆగితే ముందు తిట్టేది కెమెరానే. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి 'మీ కెమెరా ఖరాబ్' అంటారు, తెల్లారి చూస్తే కెమెరా బాగానే ఉంటుంది. మేం రెంటుకిచ్చే కార్డుల్లో సగం బయటి కంపెనీవే, అన్నీ జాబితాలోవే. మేమేం దొరల పిల్లలం కాదు, ముద్ర కోసం డబ్బు కాల్చడానికి.

సాగర్ అన్నా, కొమోడో గరిష్ఠంగా సెకనుకు 280 ఎంబీ దాకా రాస్తుంది. ఆ లెక్కన 512 కార్డు అరగంటలో నిండుతుంది. క్వాలిటీ తగ్గిస్తే ఎక్కువ వస్తుంది. పాటకు మీకు రెండు కార్డులు, వాటిని ఖాళీ చేసే మనిషి ఒకడు చాలు. బావకు ఆ లెక్క చెప్పండి, కార్డులు ఆరు తీసుకోవాలనుకుంటున్నాడేమో.

ఎడిట్_రూమ్_అక్క:
ఖాళీ చేసే మనిషి అన్నారు, అక్కడే నా ప్రాణం పోతుంది. నా దగ్గరికి వచ్చి పోయిన ఫుటేజ్‌లో కార్డు చచ్చి పోయింది తక్కువ. హడావుడిలో కాపీ సగంలో ఉండగానే కార్డు ఫార్మాట్ కొట్టి పోయిందే ఎక్కువ. కార్డు మంచిదా చెడ్డదా అని పది పోస్టులు రాశారు, కాపీ చేశాక చెక్‌సమ్ చూస్తారా, అంటే కాపీ అసలుతో పూర్తిగా సరిపోయిందా చూస్తారా అని ఒక్కరూ అడగలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో క్లోన్ టూల్ ఉంది, ఉచిత వెర్షన్‌లోనే. రెండు డ్రైవుల్లోకి కాపీ చేసి, సరిపోయిందని చెప్పాకే కార్డు ముట్టుకోండి. ఆ రెండు డ్రైవులు ఒకే బ్యాగులో, ఒకే కారులో హైదరాబాద్ పంపకండి బాబూ.

లెన్స్_మామ:
నా అనుభవం వేరు. చెరువుగట్టు జాతరలో అగ్నిగుండాలు తీస్తున్నా. ఎస్‌ఎస్‌డీ మంచిదే, జాబితాలోదే, ధర పెట్టి కొన్నదే. దాన్ని కేజ్‌కు (కెమెరా చుట్టూ బిగించే ఫ్రేము) రబ్బరు బ్యాండ్‌తో కట్టిన. జనం తోసుకొచ్చిండ్రు, ఒకాయన మోచేయి కేబుల్‌కు తగిలింది. కేబుల్ ఊడలేదు, కదిలింది, అంతే. యూఎస్‌బీ-సీ కదా, వెంట్రుకవాసి కదిలినా చాలు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంది, ఆ ఫైలు మూసుకోలేదు, ఎంత పీకినా తెరుచుకోలేదు. ఆ గుండం మళ్లీ ఏడాది దాకా లేదు. స్వామివారిని మళ్లీ ఒకసారి నడిపించమని ఎవరిని అడగను?

అప్పటి నుంచి మనిషి రీటేక్ ఇయ్యలేనిది తీసేటప్పుడు లోపలి కార్డే. పాటకు, సీరియల్ ముక్కకు ఎస్‌ఎస్‌డీ. మ్యాక్ ఉన్నోళ్లు హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లో ఫార్మాట్ చేసుకోండి, కేబుల్ జారినా ఫైలు దక్కే అవకాశం కొంచెం ఎక్కువ. ఇరవై రూపాయల రబ్బరు బ్యాండ్ బదులు కేబుల్ క్లాంప్ కొనండి.

పిల్లలమర్రి_నీడ:
మామ చెప్పింది కరెక్టు. నేను కూడా పెళ్లికి అయితే పేరులేని కార్డు పెట్టను, రాసి పెట్టుకోండి. కానీ సాగర్ అన్నది పాట. చరణం పోతే మళ్లీ ఎగురుతరు. అక్కడ ఎందుకింత భయపెడుతున్నరు?

జడ్చర్ల_జంక్షన్:
మళ్లీ ఎగిరేది డాన్సర్లు. రెండో రోజు బత్తా ఇచ్చేది ఎవరు?

సాగర్_గేటు_27:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. వాదన చదివి బావకు చెప్పలేదు, చేసి చూపించా. ఎన్‌వీఎంఈ డబ్బా ఒకటి, ఫ్రెండు దగ్గర అడుక్కొచ్చిన జాబితాలోని ఎస్‌ఎస్‌డీ ఒకటి. మధ్యాహ్నం ఒంటి గంటకు మా డాబా మీద, స్టాండ్ మీద పాకెట్, 6కే 5:1, 25 ఫ్రేములు. మెనూలో కార్డు ఫ్రేములు వదిలితే ఏం చెయ్యాలి అనే దగ్గర 'అలర్ట్' తీసి 'స్టాప్ రికార్డింగ్' పెట్టా, లేకపోతే స్క్రీన్ మీది గుర్తు నేను చూడకపోతే రాలిపోతూనే ఉంటాయి కదా. బావను గొడుగు కింద కూచోబెట్టా.

నా డబ్బా 37వ నిమిషంలో ఆగింది. చల్లార్చి మళ్లీ పెడితే 11వ నిమిషంలో ఆగింది. రెండో ఎస్‌ఎస్‌డీ గంట నలభై నిమిషాలు నడిచి, నిండి, అప్పుడే ఆగింది. బావ మధ్యలోనే లేచి కిందికి పోయాడు, ఎండకు.

సాయంత్రం వచ్చి 'ఆ రెంటు కార్డులు రెండు చెప్పు' అన్నాడు. కొమోడోకు రెంటు కార్డులు ఖాయం. పాకెట్‌కు ఫ్రెండు ఎస్‌ఎస్‌డీ, క్లాంప్‌తో. నా డబ్బాను మాత్రం పారెయ్యను, సాయంత్రం కాపీలకు పనికొస్తుంది, అక్కడ ఆగితే టీ తాగొచ్చు. డాన్సర్లు ఇద్దరు తగ్గారు. దేవరకొండ దగ్గర నీడ ఉన్న ఇల్లు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కాపీ చేసే మనిషిని అక్కడ కూచోబెట్టాలి.