నెలకు 200 వేసుకుని వకీలును ముందే కుదుర్చుకుంటే ఎలా ఉంటుంది?

లంక రైతు, అమలాపురం దగ్గర:
మా ఊళ్లో నలభై ఇళ్ల కొబ్బరి రైతులం ఇంటికి నెలకు 200 చొప్పున వేసుకుని ఒక వకీలును ముందే కుదుర్చుకోవాలనుకుంటున్నాం. కౌలు కాగితం చూపించాలన్నా, నోటీసు పంపాలన్నా ఆయన దగ్గరికే వెళ్తాం. అమెరికాలో ఇది పాత పద్ధతే. 1971లో లూసియానా రాష్ట్రంలోని శ్రీవ్‌పోర్ట్‌లో కూలీల సంఘం ఇలాగే మొదలుపెట్టింది. మేము ప్రభుత్వ ఉచిత న్యాయ సాయానికి అర్హులం కాము, పెద్ద ఫీజులకూ తూగము. మీరేమంటారు?

చెరువు గట్టు, భీమవరం:
నేను ఒప్పుకోను. అక్కడి పథకాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. చేరేనాటికే నడుస్తున్న తగాదాకు వర్తించవు. మన డెల్టాలో తగాదా లేని గట్టు ఎక్కడుంది? పుంత దారి తగువు తాతల నాటిది. రొయ్యల చెరువు ఉప్పునీరు పక్క వరిచేలోకి ఊరడం ఏళ్ల తరబడి ఉన్నదే. పైగా మీ నలభై ఇళ్లలోనే ఇద్దరికి చెడితే? ఒకే తగువులో ఆ వకీలు ఇరువైపులా నిలబడకూడదు. కట్టిన డబ్బు కట్టినట్టే ఉండగా ఇద్దరూ వేరే వకీళ్లను వెతుక్కోవాలి.

వకీలు గుమాస్తా, కాకినాడ:
ఉచిత సాయానికి పనికిరామని ముందే తేల్చేశారేమండీ? 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేదు. తోట ఇల్లాలి పేరున ఉంటే, ఆ తోట తగువుకు ఆమే అర్జీ పెట్టుకోవచ్చు. ఉచిత న్యాయ సాయం నంబరు 15100కు ఫోను చేసి అడగండి. ఇంకొక మాట. డబ్బు నేరుగా వకీలుకే చేరాలి. వకీలు తన ఫీజును వకీలు కానివారితో పంచుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. మధ్యలో సంఘం కమీషన్ తీసుకుంటే చిక్కే.

లంక రైతు:
తోట మా ఆవిడదే, కానీ తిరిగి వచ్చిన చెక్కు నాది. కాయలు కొన్న వ్యాపారి ఇచ్చాడు. కేసు వేయాలంటే బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లోగా అతనికి నోటీసు పంపాలని నాకెవరు చెప్పారు? "వచ్చే వారం" అని అతను తిప్పాడు, నేను తిరిగాను. వకీలు గుమ్మం ఎక్కేసరికి నోటీసు గడువే కాదు, చెక్కును మళ్లీ బ్యాంకులో వేసే మూడు నెలల గడువూ దాటింది. ముందే వెళ్లకపోవడానికి నిజమైన కారణం చెబుతాను. ఫీజు ఎక్కువని కాదు, ఎంత అడుగుతారో తెలియక. ముందే కట్టేసి ఉంటే ఆ రోజే వెళ్లి అడిగేవాడిని.

చెరువు గట్టు:
ఈ మాట మాత్రం కొట్టిపారేయలేను. మా వైపూ మేత బాకీల కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టేవారే ఎక్కువ. అయితే కోర్టు మాట తీసేయండి. కాగితం చదవడం, నోటీసు రాయడం, అంతవరకే. సభ్యుల మధ్య తగువు వస్తే ఆయన తప్పుకోవాలని ముందే రాసుకోండి. ఆ మాత్రానికి 200 ఎందుకు? 50 చాలు.

లంక రైతు:
నలభై యాభైలు రెండు వేలు. ఆ డబ్బుకు ఏ వకీలు వస్తారో మీరే చూపించండి.

వకీలు గుమాస్తా:
మా వకీలు గారిని అడిగాను. నెలకు రెండు ఆదివారాలు, పూటకు రెండు గంటలు మీ ఊళ్లోనే కూర్చుంటారట. నోటీసుకు తపాలా ఖర్చు వేరు. కొబ్బరి బొండాలు మీవే.