హోకిఫ్లిలో జామ్ బయటికి కారిపోతోంది, తేడా ఎక్కడ?

ఓటీజీ_కొత్త
నమస్తే అండీ. హంగరీ వాళ్ళ హోకిఫ్లి, అదే జామ్ పెట్టి చుట్టి పంచదార పొడిలో దొర్లించే నెలవంక బిస్కెట్లు, రెండుసార్లు చేశా. రెండుసార్లూ జామ్ కారి ట్రేకి అంటుకుని మాడింది. రెండోసారి చుట్టలు కూడా విచ్చుకున్నాయి. మైదా 250 గ్రాములు, ఉప్పులేని వెన్న 125, పెరుగు 100, పచ్చసొన 1, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 చెంచా. పిండి చేతికి అంటుతోందని ఇంకో గుప్పెడు మైదా వేశా. లోపల కొన్న మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్. 180 డిగ్రీల్లో 20 నిమిషాలు. వేడివేడిగా పొడిలో దొర్లిస్తే పొడంతా తడిసి ముద్దయింది.

సన్నసెగ
ముందు జామ్ సంగతి. బ్రెడ్ మీద రాసుకునే జామ్‌లో పంచదార బాగా ఎక్కువ, వేడికి పలచబడి ఉడుకుతుంది. లోపల పుట్టిన ఆవిరి దాన్ని సందుల్లోంచి తోసేస్తుంది. ఎంత గట్టిగా నొక్కి మూసినా ఆగదు.

అక్కడ వాడేది సిల్వలెక్వార్, అంటే ప్లమ్ జామ్ (లెక్వార్ అంటే జామ్). హంగరీ ఈశాన్యాన సత్మార్ ప్రాంతం దానికి పేరుపడింది: ప్లమ్ పళ్ళని పంచదార లేకుండా పెద్ద కాగులో గంటల తరబడి కలుపుతూ నల్లగా, గట్టిగా అయ్యేదాకా ఉడికిస్తారు. అక్కడి ఓ ప్లమ్ రకం పేరు 'నెమ్‌తుదోమ్'. అంటే 'నాకు తెలీదు'. పేరే అది!

మనకు ఎండు ఆలూబుఖారా దొరుకుతుంది కదా. 200 గ్రాములు వేడినీళ్ళు మునిగేదాకా పోసి గంట నానబెట్టండి. గింజలు తీసి, ఆ నీళ్ళతోనే మిక్సీ పట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద కలుపుతూ దగ్గరపడనివ్వండి, అరగంట దాకా పడుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత పూడకూడదు. చల్లారాక చెంచా బోర్లిస్తే ముద్ద జారకూడదు. మరీ పుల్లగా ఉంటే 2 చెంచాల పంచదార, అంతకు మించొద్దు. ఖుబానీతోనూ ఇలాగే చేయొచ్చు, హంగరీలో ఆప్రికాట్ లెక్వార్ కూడా మామూలే. కొన్న జామే వాడాలంటే 3 చెంచాలకి 1 చెంచా అక్రోట్ పొడి కలపండి, కొంత ఆగుతుంది.

మైదా_చెయ్యి
జామ్ సగమే. చుట్ట విచ్చుకున్నది పిండి వల్ల.

అసలు వంటకంలో పడేది తేయ్‌ఫోల్, 20 శాతం కొవ్వున్న పుల్లని మీగడ. మీరు వేసిన పెరుగులో ముప్పాతిక పైగా నీళ్ళే, అందుకే అంటుకుంది. దానికి మైదా కలిపి పిసికేసరికి పిండికి సాగుడు వచ్చింది. సాగే పిండి పొయ్యిలో వెనక్కి లాక్కుంటుంది. పెరుగు గుడ్డలో కట్టి 4 గంటలు వేలాడదీసి, అది 60 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 40 గ్రాములు కలపండి.

చల్లటి వెన్నని మైదాలో వేళ్ళతో నలపండి, రవ్వలా అవ్వాలి. చిటికెడు ఉప్పు, ఈస్ట్, సొన, మీగడ వేసి ముద్ద చేసి వదిలేయండి. చపాతీ పిండిలా మర్దించొద్దు. మీ ఈస్ట్ లెక్క సరే, కానీ వెచ్చటి చోట పొంగబెట్టొద్దు, నేరుగా ఫ్రిజ్‌లో గంట. మన ఎండల్లో వెన్న బల్ల మీదే కరిగిపోతుంది కాబట్టి సగం ముద్దే బయటికి తీయండి.

3 మిల్లీమీటర్ల మందం, 6 సెంటీమీటర్ల చదరాలు. ఓ మూలకి వేలెడు లోపలగా అర చెంచా ముద్ద పెట్టి, ఆ మూల దాని మీదకి మడిచి, రెండు పక్కలా నొక్కి, ఎదుటి మూలదాకా చుట్టండి. ఆఖరి కొస మీద తెల్లసొన చుక్క రాసి, కొస కిందికి వచ్చేలా ట్రేలో పెట్టి వంచండి. కొస పైకుంటే విచ్చుకోక మానదు. 35 నుంచి 40 దాకా వస్తాయి.

సన్నసెగ
తెల్లసొన అక్కర్లేదండీ, కొస కిందికుంటే చాలు. మిగతాదంతా ఒప్పుకుంటా.

పొడిమంచు
20 నిమిషాలు ఎక్కువ. 12 నిమిషాలకి ఒకటి తిరగేసి చూడండి. అడుగు లేత బంగారు రంగు, పైన తెల్లగానే ఉండాలి. 'హో' అంటే మంచు, ఇవి ఎర్రబడకూడదు.

దించాక 4 నిమిషాలు ట్రేలోనే వదలండి. అప్పుడే తీస్తే విరుగుతాయి, పైగా ఆవిరికి పొడి కరుగుతుంది, మీకు జరిగింది అదే. పూర్తిగా చల్లారితే పొడి పట్టదు. గోరువెచ్చగా ఒకసారి, చల్లారాక ఇంకోసారి దొర్లించండి. ఇంట్లో పట్టిన పొడైతే 100 గ్రాములకి చెంచా కార్న్‌ఫ్లోర్, కాస్త వెనిలా.

ఇంకోటి, హంగరీ కొలతల్లో 'డీకేజీ' కనిపిస్తే 10 గ్రాములని లెక్క. 25 డీకేజీ అంటే 250 గ్రాములు.

ఓటీజీ_కొత్త
చాలా థాంక్స్ అండీ. గుడ్డు లేకుండా, వెన్న బదులు నెయ్యితో కుదురుతుందా?

మైదా_చెయ్యి
కుదురుతుంది. సొన బదులు ఇంకో చెంచా మీగడ. నెయ్యిలో నీరుండదు కాబట్టి 100 గ్రాములు చాలు, అదీ ఫ్రిజ్‌లో పేరుకున్నదే. కరిగిన నెయ్యి పోస్తే పొరల్లేకుండా నానకటాయిలా పొడిపొడిగా రాలుతుంది. హంగరీ ఇళ్ళలో కొంతమంది పంది కొవ్వు వాడతారు, దాంట్లోనూ నీరుండదు.

పొడిమంచు
జామ్ కారే గొడవే వద్దనుకుంటే లింజెర్ కారికా చేయండి. మైదా 300, వెన్న 200, పంచదార పొడి 100, ఈ 3-2-1 లెక్కకి గుడ్డు కూడా అక్కర్లేదు. గుండ్రాలు కోసి, సగం వాటికి మధ్యలో చిల్లు పెట్టి కాల్చి, చల్లారాక జామ్ రాసి అతికించడమే. దానికి మీ దగ్గరున్న మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ హాయిగా సరిపోతుంది.