500 నోటును పోలిన ఆట నోట్లు అమ్మనివ్వాలా, వద్దా?

పూలకొట్టు అబ్బాయి, విజయవాడ
మా అమ్మ ఇంద్రకీలాద్రి కింద పూలు అమ్ముతుంది. పోయిన శుక్రవారం చీకటి పడ్డాక, మంచి రద్దీలో, ఒకాయన నాలుగు మూరల మల్లెలు తీసుకుని మడతలు పెట్టిన 500 నోటు ఇచ్చాడు. 160 పట్టుకుని 340 చిల్లర ఇచ్చేసింది. ఇంటికొచ్చి సంచి బోర్లించి లెక్కపెడుతుంటే ఆ నోటొక్కటి వేళ్ల మధ్య నున్నగా జారిపోతోంది. విప్పి చూస్తే ‘చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’. రంగు అదే, వెనక ఎర్రకోట అదే, సైజూ అదే. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఫ్యాన్సీ షాపుల్లో ఇవి కట్టలకి కట్టలు దొరుకుతున్నాయి. పూర్తిగా ఆపేయాలంటాను. మీరేమంటారు?

పాత నోట్ల మాస్టారు, గుంటూరు
అమ్మగారికి జరిగింది అన్యాయమే బాబూ. కానీ పూర్తిగా ఆపేయమంటే ఒప్పుకోను. 2009లో జింబాబ్వే తెచ్చిన 100 ట్రిలియన్ డాలర్ల నోటు నా దగ్గరుంది. పిల్లలకు చూపించి ఒకటి పక్కన 14 సున్నాలు లెక్కపెట్టిస్తాను. లంచం అడిగినవాళ్ల చేతిలో పెట్టమని 2007లో తమిళనాడులో ఫిఫ్త్ పిల్లర్ సంస్థ సున్నా రూపాయి నోటు వేసింది. అదీ 50 నోటును పోలినదే. దాన్నీ ఆపేద్దామా? మా మనవరాలు కూడికలు నేర్చుకుంది ఆట నోట్లతోనే. మోసం చేసినవాణ్ణి పట్టుకోవాలి గానీ బొమ్మనేం చేస్తాం?

యార్డు గుమస్తా, గుంటూరు
మాస్టారూ, సున్నా నోటు మీద సున్నా అని ఉంటుంది. ఎవరూ దానికి చిల్లర ఇవ్వరు. ఇక్కడ గొడవ 500తోనే.

1978లో 1000, 5000, 10000 నోట్లు రద్దు చేస్తే మా నాన్నగారు పేపర్లో చదివి ఊరుకున్నారు, ఆయన వాటిని ఎప్పుడూ చూడలేదు కాబట్టి. 2000 నోటును 2023లో వెనక్కి తీసుకున్నాక చేతులు మారేవాటిలో 500దే పెద్ద నోటు. అది సేట్ల నోటు కాదు, మిర్చి యార్డులో టిక్కీలు, అంటే బస్తాలు, మోసే ముఠా కూలీ నోటు. అందుకే దాని నకలు వాడికే తగులుతుంది.

మా కొట్లో కట్ట లెక్కపెట్టేటప్పుడు బొటనవేలు అంచు మీదే ఉంటుంది. అసలు 500కి రెండు అంచుల్లోనూ ఏటవాలుగా ఐదు గీతలు చేతికి తగులుతాయి. పచ్చ దారం నోటు వంచితే నీలంగా మారుతుంది. అమ్మగారికి ఆ గీతలు చూపించు తమ్ముడూ. చీకట్లో కళ్లకన్నా వేలే నయం. కానీ పూలు కట్టే చేతికి ప్రతి నోటూ తడిమే తీరిక ఎక్కడిది? ఆట నోటు సగం సైజులో, వేరే రంగులో వెయ్యమనండి. పిల్లల కూడికలకేం నష్టం?

కోర్టు సెంటర్, విజయవాడ
చట్టం ఉంది. నోటును పోలిన కాగితం తయారుచేసినా, వాడినా భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరమే. జరిమానా మాత్రం గరిష్ఠంగా 300. పాత ఐపీసీలో 100 ఉండేది. ఒక్క నకలు నోటు చెల్లించుకున్నవాడు జరిమానా కట్టినా ఇంకా 200 మిగుల్చుకుంటాడు. ముందు మార్చాల్సింది అది.

పాత నోట్ల మాస్టారు, గుంటూరు
సైజు, రంగు మార్చాలన్న మాటకు నేనూ సరే. ఫ్యాన్సీ షాపువాళ్ల మీద పడకండి, వేసిన ప్రెస్‌ను అడగండి.

పూలకొట్టు అబ్బాయి, విజయవాడ
గుమస్తా గారూ, ఆ గీతలు అమ్మకు ఇప్పుడే చూపించాను. కళ్లు మూసుకుని రెండుసార్లు సరిగ్గా చెప్పింది. మాస్టారూ, మీరన్నట్టు ప్రెస్‌నే అడుగుదామని ఆ నోటు రెండువైపులా వెతికాను. ఎక్కడా పేరు లేదు.