గులాబీ పురుగు బీటీని తట్టుకుంటోంది, ఇప్పుడు నాన్ బీటీ వరుసలు వేస్తే ఉపయోగం ఉంటుందా?

మాది పత్తి పండించే ఇల్లు. గుడ్డిపూలు విప్పితే లోపల పురుగు, కాయ చీలిస్తే గింజ తొలిచేసి రంగు మారిన దూది. 2002లో బీటీ పత్తి, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా బ్యాక్టీరియా జన్యువు చేర్చిన రకం, 2006లో అలాంటి రెండు జన్యువుల రకం వచ్చాయి. ఆ రెండు జన్యువుల విషాలనూ ఈ గులాబీ పురుగు తట్టుకుంటోంది.

నాకు అర్థమైంది ఇది. విషం పురుగును మార్చలేదు. తట్టుకునే జన్యువు ముందే ఏ కొద్ది పురుగుల్లోనో ఉంది. మిగతావి చచ్చాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెట్టాయి. ఆ లక్షణం ఎక్కువగా అంతర్గతం కాబట్టి తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పనిచేస్తుంది. అందుకే బీటీ విత్తనాల ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చేవారు. ఆ నాన్ బీటీ మొక్కల మీద బతికిన మామూలు రెక్కల పురుగులు తట్టుకునేవాటితో జతకడితే, పుట్టేవి బీటీ చేలో చచ్చిపోతాయి. మా వైపు ఆ గింజలు వేసినవాళ్లు చాలా తక్కువ. పైగా ఈ పురుగు బతికేది దాదాపు పత్తి మీదే, వేరే పంటలో మామూలు పురుగులు మిగిలే దారి లేదు.

జన్యుశాస్త్రం, కీటకశాస్త్రం తెలిసినవారు దయచేసి చెప్పండి. తట్టుకునే పురుగులే ఎక్కువైపోయాక నాన్ బీటీ వరుసలు వేస్తే ఆ జన్యువు తగ్గుతుందా, లేక మనమే పురుగుకు మేత పెట్టినట్టవుతుందా? డిసెంబరుకల్లా పంట తీసేసి మోళ్లు లేకుండా చేస్తే పురుగుల సంఖ్య తగ్గుతుంది సరే, జన్యువు వాటా కూడా మారుతుందా? ఈసారి విత్తేలోపు ఊళ్లో నలుగురితో మాట్లాడాలి, అందుకే అడుగుతున్నాను.